బిడ్డను మోసుకెళ్తే సరిపోదు

“పిల్లల కేసులో అంబులెన్సు చేయగలిగేది ఏముంది? ఎత్తుకుని ఎంత త్వరగా ఆసుపత్రిలో దించితే అంత మేలు.” ఈ అభిప్రాయం ఒకరిద్దరిది కాదు. అధికారులు అంటారు, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్లు అంటారు. 108 అంబులెన్సుల్లో పనిచేసే ఈఎంటీల్లో (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లలో) చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతారు. బిడ్డను భుజాన వేసుకుని బండెక్కిన తండ్రి సైతం “ముందు బండి పోనివ్వండన్నా” అనే బతిమాలతాడు. ఇంతమంది నోట ఉన్న మాటను ఊరికే తోసిపుచ్చడం సరికాదు. వాళ్లు ఏ కారణాలు చెబుతున్నారో ఉన్నదున్నట్టు ముందు పెట్టి, తర్వాత ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తాను.

వాళ్ల వాదం ఇది. పిల్లల నరం దొరకదు, కదిలే బండిలో సూది గుచ్చబోతే పది నిమిషాలు పోతాయి. డోసు తప్పితే ప్రాణం పోతుంది, అంత బాధ్యతను డిగ్రీ తర్వాత కొన్ని వారాల శిక్షణ పొందిన ఈఎంటీ నెత్తిన పెట్టడం అన్యాయం. 108కి వచ్చే ఫోన్లలో పురుళ్లు, రోడ్డు ప్రమాదాలు, ఛాతీనొప్పులే ఎక్కువ. పిల్లల కేసులు కొద్ది. ఆ కొద్దిమంది కోసం వందల బండ్లకు సామగ్రి, వేలమందికి శిక్షణ అంటే డబ్బు దండగ. పురిటి బిడ్డలకు ఎలాగూ వేరే అంబులెన్సులున్నాయి. మిగతా పిల్లల్ని దగ్గరి ఆసుపత్రికి చేరిస్తే 108 పని అయిపోయినట్టే.

ఇందులో కొంత నిజం ఉంది. లారీ గుద్ది కడుపులో రక్తం పోతున్న పిల్లాణ్ణి రోడ్డు పక్కన పడుకోబెట్టి నరం కోసం వెతకడం తప్పే. అతనికి కావలసింది ఆపరేషన్ థియేటరు, అక్కడికి చేర్చడంలో ఒక్క నిమిషం కూడా పోగొట్టకూడదు. కానీ ఆ ఒక్క సందర్భానికి చెల్లిన సూత్రాన్ని ఊపిరాడని బిడ్డకు, ఫిట్సు ఆగని బిడ్డకు, నీట మునిగిన బిడ్డకు, పాము కరిచిన బిడ్డకు ఒకేలా అంటగడుతున్నారు. పిల్లలు చనిపోతున్నది అక్కడే.

1. “వేగమే వైద్యం”

పెద్దవాళ్ల గుండె చాలాసార్లు గుండెలో ఉన్న జబ్బు వల్లే ఆగుతుంది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలతాడు. పిల్లల్లో వరస వేరు. ముందు ఊపిరి కష్టమవుతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది, ప్రాణవాయువు అందక చిట్టచివరికి గుండె ఆగుతుంది. న్యుమోనియా కానివ్వండి, ఆస్తమా కానివ్వండి, గొంతులో వేరుశనగ గింజ అడ్డుపడడం కానివ్వండి, ఎక్కువసార్లు దారి ఇదే. అంటే గుండె ఆగకముందే మనకు కొంత వ్యవధి దొరుకుతోంది. ఆ వ్యవధిలో ఊపిరి అందించగలిగితే గుండె ఆగే పరిస్థితే రాకపోవచ్చు. ఆ వ్యవధి గడిచేది ఇంట్లో, కాలువగట్టు మీద, అంబులెన్సులో. బిడ్డ ఆసుపత్రి గడప తొక్కేసరికి అది అయిపోయి ఉంటుంది.

ప్రాణవాయువు బొత్తిగా అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు కోలుకోలేని దెబ్బ తింటుంది. శిశువు శరీరం, కిలో బరువుకు లెక్క చూస్తే, పెద్దల కంటే దాదాపు రెట్టింపు ప్రాణవాయువు ఖర్చు చేస్తుంది. పెద్దలకున్న పాటి వెసులుబాటు కూడా పిల్లలకు లేదన్నమాట. ఒక పల్లెకు బండి రావడానికి ఇరవై నిమిషాలు, అక్కణ్ణుంచి ఆసుపత్రికి మరో ఇరవై అనుకోండి. బండి నడిపే పైలట్ ప్రాణాలకు తెగించి తోలినా తగ్గేది నాలుగైదు నిమిషాలు. ఊపిరి ఆగిన బిడ్డకు, దారిలో ఎవరూ ఊపిరి అందించకపోతే, ఆ నాలుగైదు నిమిషాల ఆదా దేనికీ కొరగాదు. ఊపిరి అందుతూ ఉంటే అయిదు నిమిషాలు ఆలస్యమైనా నష్టం లేదు. వేగం గురించి ఇంత గట్టిగా మాట్లాడేవాళ్లు ఈ చిన్న లెక్క వేయరు.

వేసవి సెలవులు వస్తే చాలు, ఈతకు వెళ్లిన పిల్లలు కాలువలోనో క్వారీ గుంతలోనో పొలంలోని నీటి కుంటలోనో మునిగిపోయారన్న వార్తలు జిల్లా పేజీల్లో వరసగా వస్తాయి. పైకి తీశాక జనం పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని చూస్తారు, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పుతారు. ఆ బిడ్డకు కావలసింది ఊపిరి. జపాన్ దేశమంతటా ఆసుపత్రి బయట గుండె ఆగిన 5,170 మంది పిల్లల వివరాలతో 2010లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. గుండెజబ్బు కాక ఇతర కారణాలతో గుండె ఆగిన పిల్లల్లో, ఛాతీ నొక్కడం మాత్రమే జరిగినవాళ్ల కంటే, నొక్కడంతోపాటు నోటితో ఊపిరి కూడా అందినవాళ్లు మెదడు దెబ్బతినకుండా బతికి బయటపడే అవకాశం ఎక్కువని అది తేల్చింది. పెద్దల కోసం మనం ఊరూరా ప్రచారం చేస్తున్న “ఛాతీ నొక్కితే చాలు” అన్న పాఠం పిల్లలకు సరిపోదు. ఈ సంగతి అంబులెన్సులో వచ్చే మనిషికే కాదు, కంట్రోల్ రూములో ఫోనెత్తే మనిషికి కూడా తెలిసి ఉండాలి. “బండి బయల్దేరింది, కంగారు పడకండి” అని పెట్టేయకుండా, బండి వచ్చేదాకా లైనులోనే ఉండి, వణుకుతున్న తల్లిచేత తన బిడ్డకు ఊపిరి ఊదించగలగాలి. గొంతులో గింజ ఇరుక్కున్న ఏడాదిలోపు పసివాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, వీపు మీద అయిదు దెబ్బలు కొట్టించాలి. దిగకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మీద అయిదుసార్లు నొక్కించాలి. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా కెలకొద్దని చెప్పాలి. దీనికి అయ్యే ఖర్చు శిక్షణ ఒక్కటే.

కట్లపాము కాటు సంగతి చూడండి. రాత్రిపూట నేల మీద చాప వేసుకుని పడుకున్న పిల్లల్ని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, కోరల గుర్తు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. గుండె మాత్రం బాగానే కొట్టుకుంటుంటుంది. ఆ పిల్లకు దారి పొడవునా సరైన సైజు మాస్కు పెట్టి, చేత్తో నొక్కే బ్యాగుతో ఊపిరి అందిస్తూ తీసుకొస్తే బతికి చేరుతుంది. విరుగుడు మందు, వెంటిలేటరు తమ పని తాము చేస్తాయి. ఊపిరి అందించకుండా ఎంత వేగంగా తోలినా ఆసుపత్రికి చేరేది శవమే. ఈ పిల్లకు బ్యాగు నొక్కిన చేతులే వైద్యం.

2. “పిల్లలకు వేరే ఏర్పాటు ఎందుకు, డోసు తగ్గిస్తే సరి”

ఈ అభిప్రాయంలోని పెద్ద వైరుధ్యం ఇక్కడే బయటపడుతుంది. పిల్లల మందులు మహా ప్రమాదం, ముట్టుకోకూడదు అని ఒక పక్క అంటారు. పిల్లలకని ప్రత్యేక శిక్షణ, సామగ్రి అక్కర్లేదు, ఉన్నవాటితోనే సర్దుకోవచ్చని మరో పక్క అంటారు. పిల్లల వైద్యం అంత సున్నితమైనదైతే దానికి తయారీ ఎక్కువ కావాలి. తయారీ అక్కర్లేనంత తేలికైతే ముట్టుకోవడానికి భయమెందుకు? రెండూ ఒకే నోటితో అనడం కుదరదు.

సగమో పావో ఇస్తే సరిపోతుందన్న ఊహ ఎంత ప్రమాదమో చూద్దాం. అడ్రినలిన్ చిన్న సీసాలో ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. గుండె ఆగిన పెద్దమనిషికి ఒక్క మోతాదు అదే. పది కిలోల బిడ్డకు కావలసింది అందులో పదోవంతు. సగం ఇస్తే అయిదు రెట్లు ఎక్కువైనట్టు. షాక్ యంత్రం పెద్దలకు స్థిరమైన అంకెతో పనిచేస్తుంది. పిల్లలకు మొదటి షాకు కిలోకు 2 జౌళ్లు, తర్వాతిది 4. రక్తంలో చక్కెర పడిపోయిన పెద్దలకిచ్చే 50 శాతం గ్లూకోజు పసివాళ్ల సన్నటి నరాన్ని పాడుచేస్తుంది. వాళ్లకు 10 శాతం గ్లూకోజు, కిలోకు 5 మిల్లీలీటర్ల వరకు, మెల్లగా ఇవ్వాలి. ఇక పాముకాటు విరుగుడు మందు దగ్గర లెక్క పూర్తిగా తిరగబడుతుంది. పాము ఎదుటివాళ్ల వయసు చూసి విషం తగ్గించదు కాబట్టి పిల్లలకు కూడా పెద్దల డోసే ఇవ్వాలి. చిన్నపిల్లని జాలిపడి తగ్గిస్తే చంపినట్టే. ఒక మందు పదోవంతుకు తగ్గాలి, ఇంకొకటి అసలు తగ్గకూడదు. ఇది ఊహతో తేలే వ్యవహారమేనా?

మందులు పక్కన పెట్టినా బిడ్డ శరీరాన్ని చదవడమే వేరే విద్య. పది కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు. ఒక గ్లాసెడు పోతే నాలుగోవంతు పోయినట్టు. అయినా బీపీ చూస్తే మామూలుగానే ఉండొచ్చు. పిల్లల శరీరం నాళాలను బిగించుకుని, గుండె వేగం పెంచి చివరిదాకా నెట్టుకొస్తుంది. బీపీ పడిందంటే అప్పటికే చేయి దాటిపోతోందని అర్థం. డెంగీ సీజన్లో మన పిల్లల్ని ఈ లక్షణమే మోసం చేస్తుంది. జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్లు ఊరట పడే రోజునే రక్తంలోని ద్రవం నాళాల్లోంచి కారిపోవడం మొదలవుతుంది. పిల్లవాడు కూర్చుని మాట్లాడుతుంటాడు, బీపీ పై అంకె బాగానే ఉంటుంది. చల్లబడిన చేతులు కాళ్లు, పైఅంకెకు కిందిఅంకెకు మధ్య తగ్గిపోయిన తేడా, వేలితో గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడంలో ఆలస్యం: ఇవి చూడడం రాని ఈఎంటీ “స్టేబుల్” అని రాసుకుంటాడు. పై ఊరి ఆసుపత్రికి పంపిన పిల్లవాడు దారిలోనే షాకులోకి జారిపోతాడు. ఇందులో ఆ ఈఎంటీ నిర్లక్ష్యం లేదు. అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

పసివాళ్ల తల ఒంటితో పోలిస్తే పెద్దది. స్ట్రెచర్ మీద చదునుగా పడుకోబెడితే మెడ ముందుకు వంగి ఊపిరి దారి మూసుకుంటుంది. భుజాల కింద మడత పెట్టిన తువ్వాలు పెడితే తెరుచుకుంటుంది. ఈ చిన్న సంగతి తెలియక, ఆక్సిజన్ సిలిండరు పక్కనే ఉన్నా, బిడ్డ నీలంగా మారుతున్న బండ్లున్నాయంటే నమ్మడం కష్టం. పెద్దల వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు క్లిప్పు పసివేలికి నిలబడదు. పెద్దల బ్యాగులో లీటరున్నర దాకా గాలి పడుతుంది. అంత గాలి పసి ఊపిరితిత్తులను చీల్చేస్తుంది.

బరువు తెలియనిదే డోసు లేదు, అర్ధరాత్రి బిడ్డను ఎక్కడ తూస్తాం అని అడుగుతారు. ఈ ప్రశ్నకు 1980ల్లోనే అమెరికన్ డాక్టర్ జేమ్స్ బ్రోస్లో ఒక జవాబు కనిపెట్టాడు. బిడ్డ పక్కన రంగురంగుల టేపు పరిచి పొడవు చూస్తే బరువు, దాన్ని బట్టి మందు మోతాదు, గొట్టం సైజు అన్నీ దాని మీదే కనబడతాయి. మన పిల్లలకు దాన్ని యథాతథంగా వాడలేమన్న మాట నిజం. భారతీయ పిల్లల మీద జరిపిన పరీక్షల్లో అది బరువును ఎక్కువగా చూపిస్తుందని తేలింది. అలాగైతే మన పిల్లల ఎత్తు, బరువు లెక్కలతో మన టేపు మనమే తయారుచేసుకోవాలి. అంగన్‌వాడీల్లో ప్రతి నెలా పిల్లల్ని తూచి రాస్తున్న రాష్ట్రాలకు ఇది తలకు మించిన పని కాదు.

3. “పిల్లల కేసులు తక్కువ”

తక్కువ కాబట్టే తయారీ ఎక్కువ కావాలి. ఛాతీనొప్పి కేసులు తరచూ చూసే ఈఎంటీకి ఆ పని చేస్తూ చేస్తూనే చేతికొస్తుంది. ఊపిరి ఆగిన ఆరునెలల బిడ్డ అతనికి ఏడాదికోసారి ఎదురైతే, ఆ ఒక్కసారికి చేతులు సిద్ధంగా ఉండాలంటే బొమ్మ మీద మళ్లీ మళ్లీ సాధన చేయాల్సిందే. ఏళ్ల కిందట ఒకసారి తరగతిలో చూసింది ఆ క్షణాన గుర్తుకు రాదు. గుర్తుకు రానప్పుడు ఎవరైనా చేసేది పరుగెత్తడమే. “ఎత్తుకుని పరుగెత్తు” అనేది ఆలోచించి పెట్టుకున్న పద్ధతి అన్నట్టు మాట్లాడుతున్నాం గానీ, చాలా బండ్లలో అది భయానికి పెట్టుకున్న మర్యాదైన పేరు.

పైగా కేసులు ఎందుకు తక్కువ? ఫిట్సు వచ్చిన బిడ్డను బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తే కుటుంబానికి 108 నంబరు తెలియక కాదు. అంబులెన్సు వచ్చినా మోసుకెళ్లడం తప్ప ఏమీ చేయదని వాళ్లకు తెలుసు. మోసుకెళ్లడానికి బైకు చాలు. మనం చేయని పనికి గిరాకీ లేదని, గిరాకీ లేదు కాబట్టి చేయనక్కర్లేదని అంటున్నాం.

అమెరికాలో కూడా ఒకప్పుడు ఇదే వాదన నడిచింది. అక్కడి అంబులెన్సు వ్యవస్థ యుద్ధ గాయాల వైద్యం నుంచి, పెద్దల గుండెపోటు వైద్యం నుంచి పుట్టింది. పిల్లల విషయంలో ఫలితాలు బాగోలేవని హవాయికి చెందిన పిల్లల డాక్టర్ కాల్విన్ సియా, సెనేటర్ డేనియల్ ఇనోయే వంటివాళ్లు పట్టుబట్టాక, 1984లో అక్కడి కాంగ్రెసు పిల్లల అత్యవసర సేవల కోసమే విడిగా ఒక పథకానికి చట్టం చేసింది. నలభై ఏళ్లు దాటినా అది నడుస్తూనే ఉంది. ఇప్పుడు అక్కడ ప్రతి అంబులెన్సు సంస్థలోనూ పిల్లల విషయం చూసుకునే ఒక బాధ్యుడు ఉండాలని, పిల్లల సామగ్రిని సిబ్బంది వాడి చూపించాలని లక్ష్యంగా పెట్టుకుని లెక్క తీసుకుంటున్నారు. కేసులు తక్కువన్న కారణంతో వాళ్లు ఆగిపోలేదు.

4. “నవజాత శిశువుల అంబులెన్సులు ఉన్నాయిగా”

ఉన్నాయి, మంచిదే. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం జబ్బుపడిన పసికందులకు ఉచిత రవాణాను హక్కుగా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న ప్రారంభించిన 412 కొత్త 108 బండ్లలో 26 నవజాత శిశువుల కోసమే. అప్పటి 13 జిల్లాలకు జిల్లాకు రెండు. ఇంక్యుబేటరు ఉన్న ఆ బండి ముఖ్యంగా ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి పురిటి బిడ్డను తరలించడానికి ఉద్దేశించింది. రెండేళ్ల పిల్ల కాలువలో పడితే ఆ ఊరికి వచ్చేది మామూలు 108 బండే. నెల దాటిన దగ్గర్నుంచి పన్నెండేళ్ల దాకా ఉన్న పిల్లలు ఏ బండి లెక్కలోనూ లేరు. ఏజెన్సీలో డోలీ మీద వచ్చి రోడ్డు ఎక్కే బిడ్డల సంగతి చెప్పనే అక్కర్లేదు.

5. “ఇది డాక్టర్ల పని, పైగా ఖరీదు”

గొంతులోకి గొట్టం వేయడం, నరం వెతకడం వంటి కష్టమైన పనులే పిల్లల ప్రాణం నిలబెడతాయని, అవి ఈఎంటీకి చేతకావు కాబట్టి అతను చేయగలిగిందేమీ లేదని ఈ వాదన అనుకుంటోంది. పునాదే తప్పు. లాస్ ఏంజెలెస్, ఆరెంజ్ కౌంటీల్లో పన్నెండేళ్లలోపు 830 మంది పిల్లల మీద జరిపి, 2000లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో అచ్చయిన పరిశోధన ఉంది. అంబులెన్సు సిబ్బంది గొంతులోకి గొట్టం వేసిన పిల్లలు, మాస్కు-బ్యాగుతో మాత్రమే ఊపిరి అందించిన పిల్లల కంటే ఎక్కువగా ఏమీ బతకలేదు. తేలికైన పనే సరిపోయింది. ఫిట్సు విషయంలో 2012లో వచ్చిన మరో పెద్ద పరిశోధనలో, పిల్లలు, పెద్దలు కలిసి ఉన్న 893 మందిలో, నరం వెతకకుండా తొడ కండరానికి మిడాజోలం ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో 73 శాతం మందికి ఆసుపత్రి చేరేసరికి ఫిట్సు ఆగిపోయి ఉన్నాయి. నరం ద్వారా లోరాజెపామ్ ఇచ్చినవాళ్లలో 63 శాతం మందికే. అదే మిడాజోలం ముక్కులో కొట్టే స్ప్రే రూపంలో మన మందుల షాపుల్లో దొరుకుతోంది. అయిదు నిమిషాలు దాటి ఫిట్సు ఆగని బిడ్డ చేతిలో తాళాల గుత్తి పెట్టి ఊరుకునే ఇంటికి వచ్చిన అంబులెన్సు దగ్గర కూడా ఆ స్ప్రే లేకపోతే, ఇంటివాళ్ల మూఢనమ్మకాన్ని తప్పుపట్టే అర్హత మనకు లేదు.

ఏం కావాలి? మూడు నాలుగు సైజుల మాస్కులు, రెండు చిన్న బ్యాగులు, పిల్లల బీపీ పట్టీలు, పసివేలికి చుట్టే ఆక్సిజన్ సెన్సారు, చక్కెర చూసే స్ట్రిప్పులు, ముక్కు స్ప్రే, నెబ్యులైజరు మాస్కు, స్ట్రెచర్ మీద బిడ్డను కట్టే బెల్టులు. వీటితోపాటు 5, 10, 15, 20 కిలోల బరువులకు ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లో ముందే లెక్కగట్టి, బండి గోడకు అంటించిన తెలుగు పట్టిక. ప్రాణాల మీదికి వచ్చిన వేళ ఎవరూ దశాంశాల గుణింతాలు చేయనవసరం లేదు. అనుమానం వస్తే అడగడానికి కంట్రోల్ రూములో డాక్టరు ఎలాగూ ఉన్నారు. ఆ డాక్టరు పిల్లల అత్యవసర వైద్యంలో శిక్షణ పొందినవారై ఉండాలి. ఇదంతా ఒక్క అంబులెన్సు ఖరీదులో లెక్కకు రానంత చిన్న మొత్తం.

పేద దేశంలో ఇవన్నీ సాధ్యమా అనేవాళ్లు మలావీని చూడాలి. మనకంటే ఎంతో పేద దేశం. అక్కడి బ్లాంటైర్ నగరంలోని పెద్దాసుపత్రి పిల్లల అత్యవసర విభాగంలో, వచ్చిన పిల్లల్ని వెంటనే వడపోసి ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు ముందు చికిత్స చేసే పద్ధతి పెట్టి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, గదులను సర్దారు. ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో మరణాలు 10 నుంచి 18 శాతం దాకా ఉండేవి 6 నుంచి 8 శాతానికి దిగాయి. అది ఆసుపత్రి లోపల జరిగిన మార్పే అయినా, దాన్ని తెచ్చినవి ఖరీదైన యంత్రాలు కావు. సాధన, క్రమం.

6. “దగ్గరి ఆసుపత్రికి చేరిస్తే చాలు”

దగ్గరి ఆసుపత్రిలో రాత్రి రెండింటికి పిల్లల డాక్టరు ఉంటారా? లేకపోతే అక్కణ్ణుంచి ఇంకో బండి, ఇంకో ఆసుపత్రి, చివరికి హైదరాబాద్ నిలోఫర్‌కో విశాఖ కేజీహెచ్‌కో తిరుపతి రుయాకో. ప్రతి మజిలీలోనూ బిడ్డ మళ్లీ ఎవరో కొత్తవాళ్ల చేతుల్లో పడతాడు. వేగం పేరు చెప్పి తప్పు చోట దించడం వల్ల పోయే గంటలను ఎవరూ లెక్కపెట్టరు. ఏ కేసు ఎక్కడికి వెళ్లాలో జిల్లాలవారీగా ముందే జాబితా రాసి ఉండాలి. పది కిలోల బిడ్డ, ఫిట్సు, మిడాజోలం ఇచ్చాం, పదిహేను నిమిషాల్లో వస్తున్నాం అని ముందుగా ఫోన్ వెళ్లాలి.

ఇక ఆ ప్రయాణంలో బిడ్డ ఎక్కడ ఉంటుంది? తల్లి ఒళ్లో. సడన్ బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ ఆ బిడ్డను ఆపలేవు. అంబులెన్సులో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లొద్దని, స్ట్రెచర్‌కు కట్టే పద్ధతులు ఏవో వివరంగా చెబుతూ అమెరికా రహదారి భద్రతా సంస్థ 2012లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన బండ్లలో దాని ఊసే లేదు. అతివేగాన్ని ఇంతగా పొగిడే అభిప్రాయం, ఆ వేగంలో బిడ్డను కట్టిపెట్టే బెల్టు గురించి ఒక్క ముక్క మాట్లాడదు.

కొలవని పని జరగదు

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 తెలుగువాళ్లు గర్వపడాల్సిన వ్యవస్థ. దారిలో పురుళ్లు పోసిన ఈఎంటీలు, వరదనీళ్లలో బండి తోలిన పైలట్లు వేల ప్రాణాలు నిలబెట్టారు. జీతాల కోసం సమ్మెలు చేయాల్సి వస్తున్న ఆ మనుషుల మీద నాకు కోపం లేదు. వాళ్లను చేతులు కట్టేసి బిడ్డ పక్కన కూర్చోబెట్టిన ఏర్పాటు మీదే నా కోపం. సర్కారు సంస్థలతో రాసుకునే ఒప్పందాల్లో బండి ఎన్ని నిమిషాల్లో చేరాలన్నది ఉంటుంది, ఆలస్యమైతే జరిమానా ఉంటుంది. చేరాక ఊపిరాడని బిడ్డకు ఆక్సిజన్ పెట్టారా, ఫిట్సు బిడ్డకు చక్కెర చూశారా, బరువు రాశారా అన్నదానికి జరిమానా లేదు, మెప్పు లేదు. సంస్థ దేనికి లెక్క చెప్పాలో దాన్నే చూసుకుంటుంది. వేగమే వైద్యమన్న అభిప్రాయం మన ఒప్పందాల్లోకి ఎక్కి కూర్చుంది. దాన్ని అక్కణ్ణుంచే దించాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నేను అడిగేది ఇది. వచ్చే టెండరులో ప్రతి బండికీ పిల్లల సామగ్రిని తప్పనిసరి చేయండి. ఏ ఒక్క మాస్కు లేకపోయినా ఆ బండి రోడ్డెక్కనట్టే లెక్కగట్టండి. ప్రతి జిల్లాకు పిల్లల కేసులకు పేరుతో సహా ఒక బాధ్యుణ్ణి నియమించండి. జిల్లాలో జరిగిన ప్రతి పిల్లల కేసును నెలకోసారి పిల్లల డాక్టరుతో కూర్చుని సమీక్షించడం అతని పని కావాలి. ప్రతి మూడు నెలలకూ బొమ్మ మీద సాధన, ప్రతి ఈఎంటీకీ, ప్రతి పైలట్‌కూ. బ్యాగు నొక్కేవాడు ఒకడు, ఛాతీ నొక్కేవాడు ఒకడు కావాలి, బండిలో ఉండేది ఇద్దరే. కంట్రోల్ రూములో ఫోనెత్తేవాళ్లకు పిల్లల ఊపిరి గురించిన సూచనలు తెలుగులో, ఉర్దూలో, ఏజెన్సీ జిల్లాలకు అక్కడి భాషల్లో రాసివ్వండి.

చదివేవాళ్లు చేయగలిగింది కూడా ఒకటుంది. మీ మండల కేంద్రంలో 108 బండి ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. ఒకరోజు వెళ్లి, సిబ్బందిని మర్యాదగా అడగండి: ఏడాది బిడ్డ ముఖానికి సరిపోయే మాస్కు ఉందా? చివరిసారి పిల్లల బొమ్మ మీద సాధన ఎప్పుడు చేశారు? జవాబు లేదనే వస్తే వాళ్లతో తగవు పెట్టుకోవద్దు. ఆ జవాబును రాసుకుని, మీ పేరు పెట్టి, కలెక్టరుకూ ఎమ్మెల్యేకూ పంపండి.